పదిహేడు తర్వాత పంతొమ్మిది

మా మార్కెట్ ఎప్పుడు కట్టారో కచ్చితంగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. తెలుసని చెప్పేవాళ్లు మాత్రం ముగ్గురుండేవాళ్లు. ముగ్గురినీ నేను నమ్మలేదు.

మొదటివాడు అత్తరు చాచా. నాంపల్లి స్టేషన్లో దిగే నవాబుల బగ్గీలు ఆపుకోవడానికి కట్టిందనీ, దుకాణాలు తర్వాత వచ్చి చేరాయనీ ఆయన మాట. సాక్ష్యం కావాలంటే మా వరసలో రాతి స్తంభానికున్న ఇనుప కడియం చూపించేవాడు. గుర్రాల పగ్గాలు దానికే కట్టేవాళ్లట. రెండోవాడు తాళాల కాక. ఉస్మాన్‌గంజ్ టోకు బజారు నుంచి వచ్చిన బస్తాలు రైలెక్కేదాకా పెట్టుకునే గోదాము అని ఆయన వాదన. ఆ కడియానికి తక్కెడ వేలాడుతుండగా వాళ్ల తాత కళ్లారా చూశాడట. మూడోవాడు మా నాయన. ఎవరో దొర బైబిళ్లు నిల్వ పెట్టడానికి డిపోగా కట్టించాడని మెదక్‌లో ఒక పాదిరి చెప్పగా విన్నాడు. కడియం దేనికో నాయనకు తెలియదు. దానికి గొడుగు తగిలించుకునేవాడు.

దేనికైనా కాగితం ఉందా అని నేను అడిగేదాన్ని. ముగ్గురూ నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. పన్నెండేళ్లప్పటి నుంచీ నేను ఇంతే. ఎవరేం చెప్పినా రుజువు అడగందే ఒప్పుకోను. దీనికి మా అమ్మ నన్ను అనుమానపు పీనుగ అనేది. నేను తెలివి అనుకునేదాన్ని.

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు పోతుంటే ఎడమ చేతి సందులో ఉండేది ఆ మార్కెట్. పేరు రాయను. ఇప్పుడక్కడ ఆ పేరుతో ఏమీ లేదు. నడుమ రాళ్లు పరిచిన వాకిలి, ఒక నల్లా, చుట్టూ నలభైకి పైగా దుకాణాలు. పెట్టెలు చేసేవాళ్లు, గుండీలూ దారాలూ అమ్మేవాళ్లు, గొడుగులు బాగుచేసేవాళ్లు, పాత కుట్టుమిషన్లవాళ్లు. మా వరసలో ముందు మాది. నాయన బైండింగ్ చేసేవాడు. బడుల రిజిస్టర్లు, వకీళ్ల పుస్తకాలు, క్రిస్మస్‌కు ముందు చర్చిల నుంచి చినిగిపోయిన కీర్తనల పుస్తకాలు గుట్టలుగా వచ్చేవి. మైదా జిగురు వాసన నాయన బట్టల్లో ఆదివారం కూడా పోయేది కాదు. మా పక్కది తాళాల కాకది. ఆ పక్కది అత్తరు చాచాది. మా జిగురు కంపు తన అత్తరు ధర తగ్గిస్తోందని చాచా రోజూ ఒకసారైనా అనేవాడు.

వాళ్ల ముగ్గురి మధ్యా ఒక పద్ధతి నడిచేది. శుక్రవారం మధ్యాహ్నం చాచా నమాజుకు పోతే ఆయన గల్లా ముందు కాక కూర్చునేవాడు. గుడ్ ఫ్రైడే నాడు నాయన లేకపోతే వచ్చిన పుస్తకాలు చాచా తీసుకుని పెట్టేవాడు. కాక తిరుపతి పోతే ఆయన దుకాణం మా నాయన చూసేవాడు. తాళంచెవి చేయడం రాదు కాబట్టి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి చాయ్ తాగించి పంపేవాడు. అడ్డంగా ఒక కట్టె పెట్టి పోవడమే తప్ప, ఆ మూడు దుకాణాలు పగటిపూట మూసినట్టు నాకు గుర్తు లేదు.

నాకు మాత్రం కాక మీద చిన్నప్పటి నుంచీ ఒక కన్ను ఉండేది. ఆయన నన్నేం అనలేదు పాపం. బిడ్డా అని తప్ప పిలవలేదు. కానీ ఏ తాళమైనా రెండు నిమిషాల్లో తీసేవాణ్ణి ఎట్లా నమ్మడం? మా ఇంటి తాళం కూడా ఆయన చేసిందే. దానికి రెండో చెవి ఒకటి ఆయన దగ్గర ఉండే ఉంటుందని ఒకసారి నాయనతో అన్నాను. నాయన సూది కింద పెట్టి నా వైపు చూశాడు. "నీకు పెండ్లెట్ల చేయాల్నో నాకు సమజైతలేదు" అని మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టాడు.

తొంభైల చివర్లో, ఒక దసరాకు ముందు, మార్కెట్లోకి మునిసిపల్ ఆఫీసు జీపు వచ్చింది. టేపు పట్టుకుని ఇద్దరు, ఎర్ర రంగు డబ్బా పట్టుకుని ఒకడు. ఒక్క పూటలో ప్రతి దుకాణం తలుపు పక్క గోడ మీద నెంబర్లు వేసుకుంటూ పోయారు. మాది పదిహేడు, కాకది పద్దెనిమిది, చాచాది పంతొమ్మిది. ఎందుకని అడిగితే రోడ్డు వెడల్పు అన్నారు. ఎప్పుడని అడిగితే పైవాళ్లకు తెలుసన్నారు. కాగితం ఇవ్వలేదు. కాగితం ఇవ్వనివాడి మాట నేను నమ్మనని చెప్పాను కదా, ఆ ఒక్క మాట మాత్రం వెంటనే నమ్మాను.

ఆ రోజు నుంచి మార్కెట్లో మనుషులు మారిపోయారు. అప్పటిదాకా ఒకే కెటిల్ చాయ్ తాగినవాళ్లు ఎవరెటు పోతున్నారో కనిపెట్టడం మొదలుపెట్టారు. గుండీల దుకాణం ఆమె గన్‌ఫౌండ్రీలో బ్యాంకుకు పోతే ఆఫీసుకు పోయిందన్నారు. పెట్టెలాయన కొత్త చొక్కా వేస్తే ఎవరిని కలవడానికని అడిగారు. ఒకరి దుకాణం పోదట, వాళ్ల బావమరిది ఆఫీసులో పెద్దవాడట. ఇంకొకరు ముందే వేరేచోట చూసుకున్నారట. అన్నీ 'అట'లే. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయి గన్‌ఫౌండ్రీలో టైపు నేర్చుకుంటున్నాను. మధ్యాహ్నాలు దుకాణంలో కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూడటమే నా పని. సిగ్గు విడిచి చెప్పాలంటే నాకది బాగుండేది. ఇన్నాళ్లకు మార్కెట్ అంతా నాలాగే ఆలోచిస్తోంది కదా అనిపించేది.

ప్రతి ఏడూ ఎవరి పండుగకు వాళ్లు దుకాణానికి సున్నం వేయించడం మార్కెట్ అలవాటు. దీపావళికి హిందువుల దుకాణాలు, రంజాన్ ముందు సాయిబులవి, క్రిస్మస్‌కు మాదీ, కుట్టుమిషన్లాయనదీ. అందుకే ఆ మార్కెట్ గోడలు ఎప్పుడూ ఒక్క రంగులో ఉండేవి కావు. ఆ ఏడు మాత్రం అందరూ చేతులు ఎత్తేశారు. కూలిపోయేదానికి సున్నం ఎందుకు దండగ అన్నారు. ఈసారికి తానూ వేయించనని చాచా కూడా ముందే చెప్పేశాడు.

దీపావళి మరునాడు పోయి చూస్తే తాళాల కాక దుకాణం తెల్లగా మెరుస్తోంది. గుమ్మానికి పసుపు, మామిడాకులు. గోడ మీద పద్దెనిమిది లేదు.

నేను చాలాసేపు ఆ గోడ ముందే నిలబడ్డాను. నా బుర్ర గిరగిరా తిరిగింది. కూలగొట్టే దుకాణానికి ఎవడైనా సున్నం వేస్తాడా? వేస్తే, అది కూలదని తెలిసినవాడే వేయాలి. ఆఫీసువాళ్లు వేసిన నెంబరును ఎవడైనా చెరుపుతాడా? చెరిపితే, చెరుపుకోమని వాళ్లే చెప్పి ఉండాలి. దానికి తోడు అంతకు వారం ముందే ఆ జీపు కాక దుకాణం ముందు గంటసేపు ఆగడం నా కళ్లతో చూశాను. టేపు పట్టుకొచ్చినవాడు లోపల స్టూలు మీద కూర్చుని చాయ్ తాగాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంకేం కావాలి రుజువు?

కాక లంచమిచ్చి తన దుకాణం దక్కించుకున్నాడని మొదట అన్నది నేనే. గుండీల దుకాణం ఆమెతో అన్నాను. సాయంత్రానికి నల్లా దగ్గర నలుగురు అదే మాట్లాడుకుంటున్నారు. మరునాటికి అది అందరికీ ముందే తెలిసిన సంగతి అయిపోయింది. పక్కపక్కనున్న మూడు దుకాణాల్లో అటు ఇటు కూలగొట్టి నడుమ ఒక్కటి ఎట్లా నిలబడుతుందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. అనుమానం పట్టుకున్నప్పుడు అంత తీరిక దొరకదు.

నాయన కూడా విన్నాడు. నాలుగు రోజులు కాకతో కలిసి చాయ్ తాగకుండా ఏదో పని కల్పించుకున్నాడు. ఒప్పుకోనివాడు చాచా ఒక్కడే. "ముప్పై ఏండ్ల సంది పక్కపక్కన కూసుంటున్నం బేటీ. గసొంటి పని చేసేటోడు కాదు" అన్నాడు. అంత గట్టిగా వెనకేసుకొస్తున్నాడంటే చాచాకు కూడా ఇందులో ఏదో ఉందని అనుకున్నాను. నా తెలివి అట్లా ఉండేది.

నవంబరు ఆఖర్లో పెద్దలంతా నల్లా దగ్గర కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చారు. పోయే దుకాణాలకు బదులు వేరేచోట దుకాణాలు ఇవ్వమని అందరూ కలిసి ఒక అర్జీ పెట్టాలి. ఆఫీసువాళ్ల దగ్గర ఉన్నవి నెంబర్లే, ఏ నెంబరు ఎవరిదో వాళ్లకు తెలియదు. ఆ పేర్లు మన అర్జీ నుంచే పోవాలి. మార్కెట్లో ఇంగ్లీషు టైపు వచ్చింది నా ఒక్కదానికే. గోడ మీద నెంబరు చూసి, దుకాణందారు పేరు అడిగి రాసుకోమని పెద్దలు నాకు చెప్పారు.

పలక మీద కాగితాలు పెట్టుకుని మార్కెట్ అంతా తిరిగాను. ఒకటి నుంచి పదహారు దాకా రాశాను. పదిహేడు దగ్గర మా నాయన పేరు రాశాను. తరువాతి గోడ మీద నెంబరు లేదు. పదిహేడుకూ పంతొమ్మిదికీ మధ్య ఏముంటుందో ఒకటో తరగతి పిల్ల కూడా చెబుతుంది. నేను చాచా గోడ దగ్గరికి పోయి పంతొమ్మిది రాశాను. నెంబరు ఉన్నవాళ్లవే రాయమన్నారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. దుకాణం పోనివాడికి బదులు దుకాణం ఎందుకని కూడా చెప్పుకున్నాను. కడుపులో ఎక్కడో సంతోషంగా కూడా ఉంది. దొంగను పట్టుకున్నవాళ్లకు ఉండే సంతోషం.

ప్రతి దుకాణానికీ పక్క దుకాణందారు సాక్షి సంతకం కావాలి, ఆ దుకాణం ఇన్నేళ్లుగా వీళ్లదేనని. చాచాకు అవతలి పక్క పెట్టెలాయన సంతకం చేశాడు. మాది వరసలో మొదటి గది, ఉన్న పక్క ఒక్కటే. కాక దగ్గరికి పోక తప్పలేదు. ఆయన ఆకురాయి పక్కన పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకుని, నేను వేలు పెట్టిన చోట మెల్లగా సంతకం చేశాడు. తెలుగులో పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. పైన ఏం రాసుందో చదవలేదు. ఆయనకు ఇంగ్లీషు రాదు.

"నాది గుడ రాసినవా బిడ్డా?" అన్నాడు.

"ఔ కాకా, రాసిన" అన్నాను.

ఎందుకు అబద్ధమాడానో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. రాయలేదంటే ఆ జీపువాడికి చెప్పి అర్జీనే ఆపిస్తాడని భయపడ్డానని అప్పట్లో అనుకున్నాను. నిజమేమిటంటే, ఆయన ముఖం చూసి రాయలేదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. వెనక నుంచి దొంగ అన్నవాణ్ణి ఎదురుగా అనడం వేరే పని.

టైపు చేసిన అర్జీని, సాక్షుల కాగితాలను కవరులో పెట్టి చాచాకు ఇచ్చాం. ఆఫీసులో నిలబడి ముద్ర వేయించుకునే ఓపిక ఆయనకే ఉంది. ఆయనకు ఉర్దూ తప్ప చదవడం రాదు. రెండు పూటలు నిలబడి ముద్ర వేయించుకుని వచ్చి, అందరికీ తలా ఒక అత్తరు దూది ఇచ్చాడు. కాకకు రెండు ఇచ్చాడు.

క్రిస్మస్‌కు పది రోజుల ముందు, నేను టైపు నుంచి వచ్చేసరికి దుకాణం ముందు బకెట్టు, సున్నం, నీలిమందు ఉన్నాయి. నాయన లుంగీ ఎగగట్టి కుంచె పట్టుకుని నిచ్చెన మీద ఉన్నాడు.

"కూలిపోయేదానికి ఎందుకు నాయనా?" అన్నాను.

"పండుగ గద. పండుగకు సున్నం ఎయ్యకుంటె ఎట్ల?" అన్నాడు. నేనేదో బుద్ధిలేని ప్రశ్న వేసినట్టు అన్నాడు. దేవుడు పుట్టిన దినం దుకాణం మాసి ఉండటం ఆయనకు పడదు. రేపు కూలగొడతారన్నా ఈ రోజు వేస్తాడు. ఆ మాట అంటూనే కుంచె గోడ మీద పై నుంచి కిందికి లాగాడు. ఎర్ర పదిహేడు మొదట గులాబీ రంగయింది. రెండో పట్టుకు పోయింది.

నల్లా గట్టు మీద కూలబడ్డాను. కాక కూడా ఇంతే చేశాడు. పండుగ వచ్చింది, సున్నం వేశాడు. లక్ష్మి వచ్చే వాకిలి మాసి ఉండకూడదనుకున్నాడు. నెంబరు గురించి మా నాయన ఎంత ఆలోచించాడో ఆయనా అంతే ఆలోచించాడు. ఇందులో ఆఫీసు లేదు, లంచం లేదు. మరి జీపు? ఆ సాయంత్రం ఏమీ ఎరగనట్టు కాకనే అడిగాను. ఆఫీసు బీరువా తాళం ఒకటి బిగుసుకుపోతే ఆ టేపాయన పట్టుకొచ్చాడట. రెండుసార్లు చాయ్ అయ్యేదాకా రాలేదట. "గట్టి తాళం బిడ్డా, మా తాత కాలంది" అని మురిసిపోతూ చెప్పాడు.

అప్పుడు చెప్పొచ్చు. అర్జీ పోయి పదిహేను రోజులే అయింది. ఒక కాగితం టైపు చేసి, పద్దెనిమిది పొరపాటున తప్పిపోయిందని రాసి, చాచా చేతికిస్తే అయిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎట్లా తప్పిపోయిందని పెద్దలు అడుగుతారు. రాశానని ఎందుకు చెప్పావని కాక అడుగుతాడు. మళ్లీ జాబితా తెరిస్తే ఆఫీసువాళ్లు కొలతలకు వస్తారు, వస్తే మా గోడ మీద కూడా ఇప్పుడు నెంబరు లేదు. ఆ ఆలోచన రాగానే మిగతావన్నీ వెనక్కి పోయాయి.

మరునాడు పొద్దున్నే, ఎవరూ రాకముందే, నాయన అట్టల మీద గీతలకు వాడే ఎర్ర రంగు తీసి, మా గోడ మీద పదిహేడు అని రాశాను. అచ్చం వాళ్లు రాసినట్టే, ఒకటి కొంచెం వంచి, ఏడుకు అడ్డగీత పెట్టి. రెండడుగుల దూరంలో కాక గోడ ఖాళీగా ఉంది. కుంచెకు రంగు ఇంకా ఉంది. నేను కుంచె కడిగేశాను.

సంక్రాంతి పోయాక, నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ నడుస్తుండగా, బదులు దుకాణాల జాబితా వచ్చింది. ఆఫీసు మనిషి ఒకాయన మార్కెట్ మధ్యలో నిలబడి చదివాడు. పదిహేడు, మా నాయన పేరు. పంతొమ్మిది, చాచా పేరు. కాక మళ్లీ చదవమన్నాడు. ఆయన మళ్లీ చదివాడు. కాక మనుషులను తోసుకుంటూ నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"నువ్వు రాసినవు గద బిడ్డా?"

అందరూ చూస్తున్నారు. నాయన చూస్తున్నాడు. చాచా చూస్తున్నాడు.

"రాసిన కాకా" అన్నాను.

ఆయన నమ్మాడు. అదే నా మీద పడ్డ దెబ్బ. జీవితంలో ఎవరినీ నమ్మని నన్ను ఆయన ఒక్క మాటకే నమ్మేశాడు. నమ్మి, అట్లయితే మధ్యలో ఏం జరిగిందో ఆలోచించాడు. నేను రాశాను. కాగితం ఆఫీసుకు తీసుకుపోయింది చాచా. ఆయన మెడ మెల్లగా చాచా వైపు తిరగడం నేను చూశాను.

ఆ రోజు ఇద్దరూ అన్న మాటలు రాయను. చాచా తన కొడుకు తల మీద ఒట్టు పెట్టుకుంటానన్నాడు. కాక వినలేదు. ముప్పై ఏళ్లు పక్కపక్కన కూర్చున్న మనిషి తన కాగితం తీసేసి, ఆ దుకాణం ఎవరికో ఇప్పించాడని ఆయన మనసులో పడిపోయింది. చాచా ఇంటికి పోయేటప్పుడు ఏడ్చాడని నాయన చెప్పాడు. నేను లోపల కూర్చుని ఎవరివో కీర్తనల పుస్తకాల ఆకులు వరస పెట్టాను.

కాక ఆఫీసు చుట్టూ రెండు ఎండాకాలాలు తిరిగాడు. కిరాయి రసీదులు ఆయన దగ్గర లేవు, ఎవరి దగ్గరా లేవు. నీ గోడ మీద నెంబరు చూపించమన్నారు. గోడ తెల్లగా ఉంది. ఒకసారి గుమాస్తా ఎవరో పాత అర్జీ తీసి, పదిహేడుకు సాక్షి సంతకం చేశావు కదా, నీకే దుకాణం ఉంటే నీ పేరు ఎందుకు రాయించుకోలేదని ఆయన సంతకమే ఆయనకు చూపించాడట. ఇది కాకే వచ్చి మా నాయనకు చెప్పాడు. అప్పటికీ మా మీద అనుమానం లేదు.

మార్కెట్ నాలుగు రోజుల్లో కూలిపోయింది. బగ్గీలా, బస్తాలా, బైబిళ్లా అన్నది ఇక ఎవరికీ పట్టలేదు. మాకు వెనక వీధిలో సిమెంటు కాంప్లెక్సులో మొదటి అంతస్తులో గది ఇచ్చారు. చాచాకు మా ఎదురు గది. ఆయన రోజూ వచ్చి తలుపు తీసేవాడు. బేరం లేకపోయినా కూర్చునేవాడు. మా జిగురు కంపు గురించి మళ్లీ ఎప్పుడూ ఏమీ అనలేదు. నన్ను చూస్తే సలాం అని ఊరుకునేవాడు. ఈయనకు తెలిసిపోయిందా అని ఆరేళ్లు ఆయన ముఖం వెతికాను. తెలియలేదు. ఎవరికీ ఏమీ తెలియదు, అందరి ముఖాల్లోనూ వెతుక్కునేది నేనే.

రెండువేల దశకం నడుమ చాచా పోయాడు. నాయన జనాజాకు పోయి వచ్చాడు. కాక రాలేదని చెప్పాడు. కబురు పంపినా రాలేదట.

ఆ తరువాత రెండు నెలలకు ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ అబిడ్స్‌లో దిగాను. పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. మూసిన చెప్పుల దుకాణం ముందు, పుస్తకాల గుట్టల నడుమ, చిన్న టార్పాలిన్ మీద తాళాలు. వెనక కాక. చేతులు వణుకుతున్నాయి కానీ ఆకురాయి పట్టు పోలేదు. నన్ను చూసి ముఖం విచ్చుకుంది. "రా బిడ్డా, కూసో" అని కింద అట్టముక్క వేశాడు.

కూర్చుని చెప్పాను. అంతా చెప్పాను. గోడ, జీపు, పదిహేడు తర్వాత పంతొమ్మిది, ఎర్ర రంగు, రెండు అబద్ధాలు. ఇన్నేళ్లూ నోరు రానిదాన్ని అప్పుడే ఎందుకు చెప్పానా అని దాన్నీ నేను అనుమానించాను. చాచా బతికుంటే ఇద్దరి ముందూ నిలబడాల్సి వచ్చేది. ఆ భయం పోయాకే నాకు నిజాయితీ గుర్తుకొచ్చింది. ఇదీ నా బతుకు.

తిడతాడనుకున్నాను. తాళంచెవుల గుత్తి తీసి నా మీద విసిరినా పడదామనుకున్నాను. ఆయన దుకాణం గురించి ఒక్క మాట అడగలేదు. ఎవరో వచ్చి సూట్‌కేసు తాళం ధర అడిగితే లేదన్నాడు, అది ఆయన ఎదురుగానే ఉంది. ఆకురాయి పక్కన పెట్టి చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"కొడుకు మీద ఒట్టేస్త అన్నడు" అన్నాడు చివరికి. "నేను వద్దన్న. అబద్ధపు ఒట్టు ఎందుకన్న."

నేను తల దించుకున్నాను.

"పోయినంక కబురొచ్చింది. నేను పోలె."

"తప్పు నాది కాకా" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. రోడ్డు మీద, అంత జనంలో, పట్టుచీర కట్టుకుని ఏడ్చాను.

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు ముఖంలో. నిజంగానే తెలియని సంగతి అడుగుతున్నవాడి ముఖం అది.

"నువ్వు నాకైతే చెప్పినవు బిడ్డా. ఇగ ఆయనకు ఎవరు చెప్పాలె?"

అడిగి, జవాబు కోసం ఆగాడు.